జేజి వేలిముద్ర

ఆదివారం సంతలో ఎండ చుర్రుమంటోంది. శిరీన్‌కు మాత్రం ఎండ గొడవే పట్టలేదు. చూపంతా రంగుల గొడుగు కింద వరసగా పెట్టిన నీళ్ల బాటిళ్ల మీదే ఉంది.

"సిమ్ము ఫ్రీ! సిమ్ము తీసుకుంటే బాటిల్ ఫ్రీ!" అని గొడుగు కింద కూర్చున్న మనిషి గొంతు చించుకుంటున్నాడు.

"జేజీ, మనమూ తీసుకుందాం!" అని నాయనమ్మ కొంగు పట్టి లాగింది శిరీన్.

"మనకు సిమ్ము ఉండాది గదే," అంది నన్నీ బీ. "ఇంకోటి ఏం జేసుకుందాం, ఊరగాయ పెట్టుకుందామా?"

"ఊరికే ఇస్తాండాడు జేజీ! మా క్లాసులో అందరికీ ఇట్లాంటి బాటిలే ఉండాది. నాకొక్కదానికే లేదు."

అందరికీ లేదు, ఇద్దరికే ఉంది. అయినా ఆరో తరగతి లెక్కల్లో ఇద్దరంటే అందరే కదా!

మనవరాలు మూతి ముడిస్తే నన్నీ బీ తట్టుకోలేదు. సంచిలోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. అతను ట్యాబ్‌లో ఏదో కొట్టుకుని, వేలిముద్ర మిషన్ ముందుకు జరిపాడు. నన్నీ బీ బొటనవేలు పెట్టింది.

"పడలేదవ్వా. మళ్లీ పెట్టు."

ఈ మాట ఆమెకు కొత్త కాదు. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు నాపబండలు కడిగిన చేతులవి. వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషన్ దగ్గరైనా, బ్యాంకులోనైనా ఆమె ముద్ర ఒక్కసారికి పడిన పాపాన పోలేదు. మళ్లీ పెట్టమంటే మళ్లీ పెట్టడం ఆమెకు అలవాటు.

కానీ శిరీన్ ట్యాబ్ పక్కనే నిలబడి ఉంది. మొదటిసారే తెర మీద ఆకుపచ్చ టిక్కు పడటం కళ్లారా చూసింది. పడింది కదా, మరి పడలేదంటాడేంటి? అడుగుదామని నోరు తెరిచింది కూడా. అప్పుడే అతను, "ఏ రంగు కావాల పాపా?" అన్నాడు.

"గులాబీ!" అంది శిరీన్. అడగాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. పైగా జేజి వేలును తన చున్నీతో తుడిచి, తనే పట్టుకుని మిషన్ మీద ఇంకో మూడుసార్లు నొక్కించింది. మూడుసార్లూ ఆకుపచ్చ టిక్కే పడింది.

ఇరవై రోజుల తర్వాత ఒక సాయంత్రం వాళ్లింటి ముందు పోలీసు బండి ఆగింది. హెడ్ కానిస్టేబుల్ హేమావతి లోపలికొచ్చింది. ఇంకేముంది, వీధి జనమంతా గుమ్మం దగ్గర చేరారు.

"అవ్వా, నన్నీ బీ అంటే నువ్వేనా? నీ పేరు మీదుండే నంబర్ల నుంచి ఎవురో ఫోన్లు చేసి జనాన్ని మోసం చేస్తాండారు. బనగానపల్లెలో ఒక మామిడి రైతు దుడ్లన్నీ పోగొట్టుకున్నాడు."

"నంబర్లా? నాకుండేది ఒకటి తల్లీ. సంతలో తీసుకున్నది ఇంకోటి, అదీ పెట్టెలోనే పడుండాది."

"మొత్తం ఐదుండాయి. అన్నిటికీ నీ ఆధారే, నీ వేలిముద్రే."

నన్నీ బీ ఉన్నచోటే కూలబడింది. "నా జన్మలో పోలీసులు మా గడప తొక్కలేదు తల్లీ! నేనేం పాపం జేసినా? నన్ను స్టేషన్‌కు తీసకపోతారా?" అని భోరుమంది.

"ఈ వయసులో ఈమెకిదేం పని!" అని గుమ్మం దగ్గర ఎవరో గొణిగారు.

తలుపు వెనకున్న శిరీన్‌కు ఆ మాట చురుక్కున తగిలింది. జేజి ఏడవడం తనెప్పుడూ చూడలేదు. నిజం చెబితే తనను పట్టుకుపోతారేమో. చెప్పకపోతే జేజిని తీసుకుపోతారు. అయినా బయటికొచ్చింది.

"మా జేజికేం తెలీదు మేడం. నేనే నొక్కించినా. మొదటిసారే టిక్కు పడింది. నేను చూసినా. ఆయప్ప పడలేదన్నాడు. అడిగితే బాటిల్ ఇయ్యడేమోనని అడగలేదు," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

హేమావతి కోప్పడలేదు. దగ్గరికి తీసుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎన్నిసార్లు పడింది టిక్కు?"

"నాలుగుసార్లు."

"ఆయప్ప యాడ కూర్చున్నాడు? ఎట్లుంటాడు?"

శిరీన్ గుర్తున్నదంతా చెప్పింది, ట్యాబ్ మూలన పగిలిన గాజుతో సహా. హేమావతి అంతా రాసుకుంది.

"టిక్కుకొక సిమ్ము తీసినాడు. ఒకటి మీకిచ్చి, మూడు దొంగలకు అమ్ముకున్నాడు. ఇంకెంతమంది ముసలోళ్లను ఇట్లా చేసినాడో! అవ్వా, ఆ మూడూ నావి కావని రాసియ్యి, మూయించేద్దాం. నీ తప్పేం లేదు. నిన్ను యాడికీ తీసకపోము," అంది, గుమ్మం దగ్గరివాళ్లకు కూడా వినబడేలా.

అందరూ వెళ్లాక శిరీన్ జేజి పక్కన ముడుచుకు కూర్చుంది. "నన్ను తిట్టు జేజీ."

"ఏమని తిట్టేదే? నాకు సదువు రాదు. నీ కండ్లతో చూస్తాండాననుకున్నా," అంది నన్నీ బీ, తల నిమురుతూ. తిట్టినా బాగుండేది పాపం. శిరీన్‌కు ఆ పూట అన్నం సయించలేదు.

ఒకటో తారీఖు వచ్చింది. ఊరి సచివాలయం ఉద్యోగి భూపేష్ పొద్దున్నే ఫోను, వేలిముద్ర మిషన్ పట్టుకుని పింఛన్లు ఇవ్వడానికి వీధిలోకొచ్చాడు. అవ్వలందరూ అరుగు మీద చేరారు. అతనింకా ముప్పై ఇళ్లు తిరగాలి.

నన్నీ బీ వేలు పెట్టింది.

"పడలేదవ్వా. మళ్లీ పెట్టు."

శిరీన్ జేజి చెయ్యి పట్టుకుని ఆపింది. "అన్నా, ఆ ఫోను ఇట్లా తిప్పు. ఏమొచ్చిందో చదివినాకనే పెడ్తాది."

"ఏం పాపా, నన్నే అనుమానిస్తాండావా?"

శిరీన్ మొహం ఎర్రబడింది. అయినా చెయ్యి వదల్లేదు. "అనుమానం కాదన్నా. చదువుతా, అంతే."

భూపేష్ నవ్వి ఫోన్ తిప్పాడు. శిరీన్ తెర మీదున్నదంతా పైకి చదివింది. "ఇది పింఛన్‌కే జేజీ. నిజంగానే పడలేదు. ఇప్పుడు పెట్టు."

ఈసారి పడింది. డబ్బు జేజి చేతికి రాగానే శిరీన్ బడిబ్యాగు తగిలించుకుని బయల్దేరింది. అప్పటికే టైమైపోతోంది.

భూపేష్ పక్కనున్న తిమ్మమ్మ ముందు మిషన్ పెట్టాడు. ఆమె కూడా బండలు కడిగిన మనిషే. వేలు పెట్టకుండా పిడికిలి బిగించుకు కూర్చుంది.

"ఉండు నాయనా," అని అతనితో అని, వీధిలోకి కేక వేసింది. "ఓ పాపా! నాది కూడా చదివిపో!"

శిరీన్ వెనక్కొచ్చి, బ్యాగు అరుగు మీద దించి, ఆమె పక్కన కూర్చుంది.