పక్కన నడిచిన రోజు

ఆసుపత్రి వరండాలో ఆరు నిమిషాల నడక పరీక్ష. ఆమె ముందు నడుస్తోంది. స్టాప్‌వాచీ పట్టుకున్న టెక్నీషియన్ రెండడుగులు వెనకగా, మాటా పలుకూ లేకుండా వస్తున్నాడు.

ఆమె టైలరు. వీధిలో అందరి కొలతలూ తీసేది, తన కొలతలు తీస్తుంటే కళ్లు మూసుకునేది. ఆర్నెల్ల కిందట నూట నాలుగు కిలోలతో మొదటిసారి ఇక్కడికొచ్చింది. ఆ రోజు అతను పక్కనే నడిచి, కబుర్లు చెప్పి నవ్వించాడు.

పోయిన వారం చొక్కా గుండీ కుట్టించుకోవడానికి ఆమె షాపుకొచ్చి, తనని పెళ్లి చేసుకుంటారా అని అడిగాడు. అతనికి ఊడిన అయిదో గుండీ అది. ఆ రాత్రి అద్దంలో కాస్త తగ్గిన మనిషిని చూస్తే, పాత మనిషి తరఫున ఆమెకు అసూయ కలిగింది.

"ఆగండి. నాలుగు వందల అరవై మీటర్లు. అప్పట్లో మూడొందల పది," అన్నాడతను.

కూర్చున్నాక కాగితాలు తిరగేశాడు. "తగ్గింది ఏడు కిలోలే. కానీ రోజూ నడిచినందుకు బీపీ మామూలుకొచ్చింది, షుగరు దిగింది. మోకాళ్లెలా ఉన్నాయి?"

"మెట్లని తిట్టుకోవడం మానేశాను."

చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అడిగింది: "ఆ ఏడు కిలోలూ తిరిగొచ్చేస్తే?"

"మళ్లీ నడుద్దాం."

"నూట నాలుగు కిలోల మనిషినైతే అడిగేవారా?"

అతను ఫైలు మొదటి పేజీ తీసి ఆమె ముందుకు జరిపాడు. మొదటి రోజు నడక మీద ఎర్ర సిరాతో అడ్డగీత. కింద డాక్టరమ్మ రాత: 'చెల్లదు. టెక్నీషియన్ పక్కన నడిచాడు.'

"స్టాప్‌వాచీ పాడైందని కదా, మర్నాడు మళ్లీ నడిపించారు?"

"అబద్ధం చెప్పాను. పక్కన ఎవరైనా నడిస్తే నడిచే మనిషి వాళ్ల వేగాన్నే అందుకుంటాడు, లెక్క తప్పుతుంది. అందుకే వెనక నడవాలి. తొమ్మిదేళ్లుగా కొత్తవాళ్లకి నేనే నేర్పుతున్నాను. మిమ్మల్ని చూసిన ఆ ఒక్కరోజే మరిచిపోయాను. బాగా చీవాట్లు తిన్నాను."

ఆమె ఆ ఎర్రగీత పొడవునా వేలు జరిపింది, గుడ్డ అంచును సరిచూసుకున్నట్టు.

"పరీక్ష అయిపోయినట్టేనా?"

"అయిపోయింది."

"అయితే షాపుదాకా పక్కన నడవండి. వేగం మాత్రం నాది. ఇక ఆ గుండీలు కత్తెరతో కోయడం ఆపండి. తెగిన దారానికీ కోసిన దారానికీ తేడా నాకు తెలుసు."

అతను స్టాప్‌వాచీ బల్ల మీద పెట్టేసి లేచాడు.