ఎరవు నిప్పు

పదకొండో పొయ్యి చదివేసరికి హనుమక్క కుచ్చిళ్ళకు బూడిద అంటుకుంది. ఆమె భుజం మీది పొగకన్ను యంత్రం ప్రతి పొయ్యి ముందూ ఆగి, రాతిలో పొదిగిన నిప్పుముద్రను చూసి, ఆ ఇంటివాళ్ళు నిన్న ఎంత వేడి వాడుకున్నారో చెబుతోంది. అగ్గిపెట్టెలు పోయి పాతికేళ్ళయింది. ఇప్పుడు నిప్పు పుట్టేది ముద్రలోంచే. ఇంటికి ఆ నెల రావలసిన వేడి అయిపోతే ముద్ర మూసుకుంటుంది. బోడిగుట్ట మీద మళ్ళీ చండ్ర చెట్లు లేచింది ఆ కట్టడి వల్లనే. అందుకే హనుమక్క ఈ కాపరి పనిని పూజలాగా చేస్తుంది.

పన్నెండోది కుళ్ళాయమ్మ ఇల్లు. ముద్ర నల్లగా, చల్లగా ఉంది.

"మూసుకొనిందక్కా. నెల పోవల్లంటే ఇంకా తొమ్మిది దినాలుండాయి," అంది కుళ్ళాయమ్మ. "కోడలికి కాన్పయ్యి ఆరు దినాలు. దానికీ బిడ్డకీ నీళ్ళు కాంచల్ల. నలభై దినాలు నిండితేగానీ బిడ్డ లెక్కలోకి రాదంట. అంతవరకూ వాడు పుట్టలేదనుకోవల్లనేమో, అడుగు నీ కన్నును."

"ఏం కాల్చినావు?"

"గుట్ట జోలికి పోలేదు. మా చేని కందికంపే. బుస్సుమని మండి ఆరిపోతుంది, మళ్ళీ అంటించల్ల."

"వేడి ఏదైనా వేడే," అంది పొగకన్ను. "లెక్కలో కంపకు వేరే గడి లేదు."

లోపల బాలింత చన్నీళ్ళలో గుడ్డ ముంచి పిండుతోంది. అది చూసి హనుమక్క తన ఇంటికి నడిచింది.

పెంకు పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాక చెయ్యి ఆడలేదు. శుక్రవారం. పొద్దున్నే పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఈ రోజు ఇంట్లోంచి నిప్పు బయటికిస్తే లక్ష్మి కూడా వెళ్ళిపోతుందని అత్త చెప్పేది. ముప్పై ఏళ్ళుగా ఆ మాట దాటలేదు. వెళ్ళిపోయే లక్ష్మి ఎక్కడికి పోతుంది? బాలింత ఉన్న ఇంటికే కదా. పోనీ తల్లీ, నువ్వు ఉండవలసింది అక్కడే, అనుకుంటూ నాలుగు నిప్పు కణికలు పెంకులోకి లాగింది.

ఆ కణికలతో కుళ్ళాయమ్మ పొయ్యిలో కంప అంటుకుంది. పొగకన్ను ఎర్రబడింది.

"ఈ నిప్పు ఈ ముద్రలో పుట్టలేదు. దొంగతనమా, ప్రమాదమా?"

"రెండూ కాదు. నేనిచ్చినా."

"ఇవ్వడానికి గడి లేదు. మీ ముద్ర మూసివేస్తున్నాం. కాపరి పని నుంచి తొలగిస్తున్నాం."

"మూసుకో. దొంగతనమని మాత్రం రాయొద్దు."

గోడ అవతలి నుంచి పక్కింటి చౌడమ్మ పెంకు చాపింది. "అక్కా, నాకూ రెండు కణికలియ్యి. నాదీ మూసుకొని నాలుగు దినాలాయె."

"ఈ నిప్పు ఎవరిది?" అడిగింది పొగకన్ను.

"ఎవురు వండుకుంటే వాళ్ళది," అంది చౌడమ్మ.

హనుమక్క కణికలు పెట్టింది. "కంపకైతే తీసుకుపో. గుట్ట కట్టె ఒక్కటి కనబడినా నేనే వచ్చి నీళ్ళు పోస్తా."

పొగకన్ను మళ్ళీ అదే ప్రశ్న వేసింది. హనుమక్క దాన్ని భుజం మీంచి దించి అరుగు మీద పెట్టి, చౌడమ్మ పొయ్యిలో ఏం పెడుతుందో తన కళ్ళతో చూడడానికి నడిచింది.