తేటనీటి తొట్టి

వాటర్ వర్క్స్ కెమిస్టును చంపినవాళ్లు ఏమాత్రం తొందరపడలేదు. పెద్దమనుషులు. అతన్ని భోజనం పూర్తి చేయనిచ్చారు, చేయి కడుక్కోనిచ్చారు, ఆ తర్వాతే ఫ్లాస్కులో కలిపిన మందు తన పని మొదలుపెట్టింది. డాక్టరు గుండెపోటని రాశాడు. అతను గూఢచారి శాఖ మనిషని ఈ ఊళ్లో తెలిసినవాళ్లు ముగ్గురే. వాళ్లలో ఇద్దరు మర్నాడు ఉదయం ఒక కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. మూడో మనిషి సంగతి తర్వాత చెప్పుకుందాం.

అది కళ్లు పరీక్షించే గది. గోడమీద గుమ్మడికాయంత అక్షరాల నుంచి చీమ తలకాయంత అక్షరాల దాకా దిగే చార్టు, దాని కింద కుర్చీలో శాఖ చీఫ్. ఆయన్ని అందరూ మామగారంటారు. ఆయన ఎదుట కూర్చున్న ఏజెంటును అల్లుడంటారు. కొత్తగా చేరినవాళ్లు భలే కోడ్ పేర్లని మురిసిపోతారు. పాతవాళ్లు మాట మార్చేస్తారు, ఎందుకంటే అవి కోడ్ పేర్లు కావు. చీఫ్ కూతుర్ని ఏజెంటు పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఇప్పుడు లేదు.

బయట వాన కురుస్తోంది. మామగారు గొంతు తగ్గించి చెప్పారు.

“పోయే ముందురోజు నాకు ఫోన్ చేశాడు. ‘చేపలు బాగున్నాయి సార్, అదే భయంగా ఉంది’ అన్నాడు. ఇంతలో ఎవరో వచ్చినట్టున్నారు, పెట్టేశాడు.”

చేపల సంగతి అల్లుడికి తెలుసు. నదిలోంచి ఊరికి నీళ్లు తోడే చోట, పచ్చి నదినీరు ముందుగా ఒక అద్దాల తొట్టిలోంచి పారుతుంది. అందులో చేపలుంటాయి. నీటిలో ఏ కాస్త విషం కలిసినా అవి ముందు విలవిల్లాడతాయి, ఆపరేటరు ఇన్‌టేక్ గేటు మూసేస్తాడు, ఊరు బతుకుతుంది. మీటర్లకు అబద్ధం నేర్పించవచ్చు గానీ చేపలకు నేర్పించలేమని కెమిస్టు అంటూ ఉండేవాడు.

ఇక ముఠా. శాఖ ఫైళ్లలో దాని పేరు ‘చెత్తబుట్ట’. పైకి విదేశీ గ్రీన్ రీసైక్లింగ్ కంపెనీ, ఆకుపచ్చ లోగో, నున్నటి కాగితం మీద బ్రోచర్లు. ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల్లోనో వాడేసిన విషద్రావకం సాల్వెంట్‌ను శుద్ధి చేస్తామని తీసుకుని, ఓడలో ఇక్కడికి తెచ్చి, వానాకాలం పొంగుచూసి కాలువల్లో పారబోయడం వాళ్ల వృత్తి. ఈసారి ఓడ నిండా తెచ్చారు. అది ట్యాంకర్లకెక్కి ఎక్కడో నక్కింది. ఇన్‌టేక్‌కు కాస్త ఎగువన వరదకాలువ ఒకటి నదిలో కలుస్తుంది. పారబోసేది అందులోనేనని, అదీ రేపేనని నెమలి కబురు పంపింది.

నెమలే ఆ మూడో మనిషి. చెత్తబుట్టలో కన్సల్టెంటు, శాఖకు వేగు. రెండు చోట్లా జీతం, రెండు చోట్లా నమ్మకం. ఆమె ఏ పక్షమో ఆమెకైనా తెలుసో లేదో.

“మీరు ఇవాళే వెళ్లండి బాబూ, ఆ చేపలు ఎందుకు బాగున్నాయో చూడండి,” అన్నారు మామగారు.

అల్లుడు సరేనన్నాడు. వద్దనే హక్కు ఇద్దరికీ లేదు. కొన్నేళ్ల కిందట ఇదే ముఠా కోసం అతన్ని ఒక చిన్న ఊరికి పంపారు. అనుమానం రాకుండా భార్యను కూడా తీసుకెళ్లాడు. బట్టల దుకాణం పెట్టాడు, పెరట్లో బావి ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. నీళ్లు వాసనొస్తున్నాయండీ అని ఆమె అనేది. రేపు చూద్దాంలే అని అతను అనేవాడు. అనుమానంగా ఉంది, ఊరికి చెప్పేయనా అని అతను చీఫ్‌ను అడిగితే, రుజువు దొరికేదాకా ఆగండి అని చీఫ్ జవాబిచ్చారు. రుజువు దొరికింది, ఆసుపత్రి నుంచి, ఆమె రక్తంలో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో మామా అల్లుళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

వాటర్ వర్క్స్ గేటు దగ్గర దిగిన మనిషిని చూస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. కట్టుడు బొజ్జ, మందపాటి కళ్లద్దాలు, భుజాన వలలూ గొట్టాలూ ఉన్న సంచి. చేపల డాక్టరు. చెవిలో వినికిడి మిషన్ లాంటిది రేడియో, అవతల మామగారు. జేబులో పెన్ను లాంటిది సెన్సరు. మంచినీళ్లలో పచ్చగా, సాల్వెంట్ తగిలితే ఎర్రగా వెలుగుతుంది. మామగారు మాట్లాడనప్పుడు ఆ రేడియోలోంచే అతనికి ఇంకో గొంతు వినబడుతుంది. ఆ సంగతి అతను శాఖ డాక్టరుకు చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని కాదు, ఆ గొంతు పోతుందని.

కంట్రోల్ రూమ్ ఆపరేటరు లావుపాటి మనిషి. మాట్లాడే దిక్కు లేక మొహం వాచి ఉన్నాడు. కెమిస్టు పోయిన దుఃఖం, కీళ్లనొప్పులు, కొత్త ఇంజనీరు పెత్తనం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పుకున్నాడు. స్క్రీన్ మీద అంకెలన్నీ నార్మల్. తొట్టిలో చేపలు నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతున్నాయి. అల్లుడు పెన్ను ముంచాడు. పచ్చగా వెలిగింది.

తలుపు దగ్గర సెంటు వాసన గుప్పుమంది. నీలంరంగు పట్టు, చెవులకు పచ్చలు, చేతిలో చిన్న సంచి. కంపెనీ తరఫున తనిఖీకి వచ్చానని నెమలి ఆపరేటరుకు చెప్పుకుని, తొట్టి దగ్గరికి వచ్చింది.

“మీ చేపలు ఏం తింటాయి డాక్టరుగారూ?”

“చెప్పింది వింటాయి, పెట్టింది తింటాయి.”

కోడ్ సరిపోయింది. పని రేపు కదా, ఇవాళ ఇంత హడావిడి దేనికని ఆమె నవ్వుతూ గుసగుసలాడింది. అల్లుడు కిటికీలోంచి నదిని చూస్తున్నాడు. వానకు పొంగిన నది ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా, చిక్కగా ఉంది. తల తిప్పి తొట్టిని చూశాడు. అవతలి గోడకు అంటించిన స్టిక్కరు మీది చిన్నక్షరాలు తొట్టిలోంచి హాయిగా చదువుకోవచ్చు.

ఈ తొట్టి ఎన్నాళ్లకోసారి కడుగుతారని ఆపరేటరును అడిగాడు.

“అసలు కడగక్కర్లేదండీ. మేడమ్‌గారి కంపెనీవాళ్లు ఉచితంగా పెట్టిన కొత్త తొట్టి. పాతదైతే వానాకాలం బురదతో చచ్చేవాళ్లం. ఇది చూడండి, అద్దంలా ఉంటుంది,” అన్నాడు ఆపరేటరు గర్వంగా.

అల్లుడు మోకాళ్ల మీద కూర్చుని తొట్టి వెనక చెయ్యి పెట్టాడు. గొట్టం నదివైపు పోలేదు. గోడ పక్కనుంచి చేతులు కడుక్కునే కుళాయికి పోయింది. మధ్యలో క్లోరిన్ పీల్చేసే బొగ్గుడబ్బా. ఊరికి పంపేందుకు ఎప్పుడో శుద్ధిచేసి దాచిన నీళ్లలో ఈదుతున్నాయి చేపలు. నదిలో ఏం పారుతోందో వాటికీ తెలియదు, స్క్రీన్‌కూ తెలియదు. కెమిస్టుకు తెలిసింది, అందుకే పోయాడు.

లేచి నిలబడి, చూసింది చూసినట్టు రేడియోలో చెప్పాడు. పక్కనే ఉన్న నెమలి మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు.

“ఇప్పుడు గేటు మూస్తే ఊరంతా నీళ్లు బంద్. ఆసుపత్రుల్లో కూడా. ట్యాంకర్లవాళ్లు పారిపోతారు, మీ కేసు గాలికి పోతుంది. రేపటిదాకా ఆగండి, రుజువుతో సహా పట్టిస్తాను,” అంది.

రేపు. ఆమె ఇంతగా రేపు అంటోందంటే పోసేది ఇవాళే. ఇవాళే పోస్తున్నారని అతని దగ్గర రుజువు లేదు. పచ్చినీళ్లు పట్టి చూసే కుళాయికి ఎవరో సీలు వేశారు. ఉన్నదల్లా ఒక తేట తొట్టి, ఒక వాన, ఒక రేపు. రుజువు లేకుండా గేటు ముట్టుకోకూడదన్నది శాఖ నియమం, ఆ నియమం రాసింది మామగారే.

ఏం చేయమంటారని అడిగాడు. చెవిలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో భార్య గొంతు, ఎప్పటిలాగే విసుగూ ముద్దూ కలిపి, నీళ్లు వాసనొస్తున్నాయండీ అంది. ఆ తర్వాత మామగారి గొంతు వచ్చింది.

“మూసెయ్యండి బాబూ. రుజువు సంగతి నేను చూసుకుంటాను. అమ్మాయప్పుడు ఈ మాట అనలేకపోయాను.”

అల్లుడు గేటు మోటారు మీట నొక్కాడు. కదల్లేదు, వైర్లు ఎవరో ముందే కోసి పెట్టారు. చేత్తో తిప్పే ఇనుపచక్రం ఉంది, తుప్పుపట్టి మొండికేసింది. దాన్ని పట్టుకుని బలమంతా పెట్టాడు. వెనక సంచి క్లిప్పు విడిన చప్పుడు. నెమలి చేతిలో పిస్టలు ఉందని వెనక్కి చూడకుండానే తెలిసింది.

“వదిలెయ్యండి. కాలుస్తాను.”

“కాల్చుకోండి. ఇంట్లో నాకోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు,” అన్నాడు అల్లుడు, చక్రం తిప్పుతూనే.

పిస్టలు పేలింది. తొట్టి భళ్లున పగిలి నీళ్లు గదంతా పరుచుకున్నాయి. ఆపరేటరు బిక్కచచ్చిపోయాడు గానీ, మరుక్షణం తేరుకుని తానూ వచ్చి చక్రానికి భుజం ఆనించాడు. ఇనుము మూలిగింది, కదిలింది, గిర్రున తిరిగింది. కింద గేటు నేలకు కరుచుకున్న చప్పుడు గోడల్లోకి పాకింది. అల్లుడు బయటికి పరుగెత్తి, పెన్నుకు దారం కట్టి గేటు అవతల నదిలోకి వదిలాడు. అది నీళ్లను తాకీ తాకగానే రక్తంలా ఎర్రబడింది. గేటు ఇవతల నీళ్లలో ముంచాడు. పచ్చగానే ఉంది. రెండు రంగుల మధ్య ఉన్నది గేటు రేకు మందమే. అతను ఆ వానలో అక్కడే కూలబడి, ఎన్నాళ్లుగానో రాని ఏడుపు ఏడ్చాడు.

మామగారి మనుషులు వరదకాలువ తూము తలుపు దించి, ట్యాంకర్లను పట్టుకుని, కాలువలోది మళ్లీ ట్యాంకర్లలోకే తోడించారు. అప్పటికే నదిలో కలిసినది కలిసిపోయింది. దిగువ ఊళ్లలో మైకులు పెట్టి నీళ్లు ముట్టుకోవద్దని చెప్పారు. ఒడ్డు పొడుగునా చచ్చిన చేపలు తెల్లగా తేలాయి. కంట్రోల్ రూమ్ చేపల్ని మాత్రం ఆపరేటరు బకెట్లో వేసి బతికించాడు.

పట్టుబడిన నెమలి కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో చెప్పాల్సినవన్నీ చెప్పేసింది. ఆ సాల్వెంట్‌ను ఏ ఫ్యాక్టరీకి ఆ ఫ్యాక్టరీ తన ఆవరణలోనే మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి, మళ్లీ వాడుకోవచ్చని, అది పెద్ద విద్యేమీ కాదని ఒప్పుకుంది. అలా చేస్తే చెత్తబుట్టలాంటి కంపెనీలతో ఎవరికీ పని ఉండదు, అందుకే ఎవరినీ చేయనివ్వలేదట. అంత దగ్గర నుంచి గురి ఎలా తప్పిందని అల్లుడు అడిగాడు.

“తప్పిందనే రాసుకోండి,” అందామె, కిటికీ వైపు చూస్తూ.

గొట్టాలన్నీ కడిగేదాకా ఊరికి నీళ్లు ఆపారు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు, మరమ్మతులని బోర్డు పెట్టారు. వీధిలోకి మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. దాని చప్పుడు వినగానే అల్లుడు గుమ్మంలోకి పరుగెత్తి, మంచినీళ్లదేనని చూసుకున్నాడు. బిందె పట్టుకుని లైన్లో నిలబడ్డాడు. జనం వాటర్ వర్క్స్‌ను తిట్టని తిట్టు లేదు. నది పొంగుతుంటే కుళాయి ఎండబెట్టిన ఘనులు లోకంలో ఇంకెక్కడా ఉండరని తేల్చేశారు. అతని ముందున్న పక్కింటి బామ్మగారు వెనక్కి తిరిగింది.

“ఆ గేటేదో మూయించినవాడి ఇంట్లో ఆడదిక్కు ఉండి ఉండదు నాయనా. ఉంటే నీళ్ల కష్టమేమిటో వాడికి తెలిసేది.”

చెవిలో రేడియో లేదు. ఏ గొంతూ వినబడలేదు.

“ఉండి ఉండదండీ,” అన్నాడు అల్లుడు.

తన మాట నెగ్గినందుకు బామ్మగారు సంతోషించి, అతన్ని తనకంటే ముందు పట్టుకోనిచ్చింది.