నూనె రాసిన కొమ్ము

"ఏమప్పా, ఇది కొమ్ము దువ్వెనల అంగడి. విల్లులు ఈడ దొరకవు," అంది నేత్రావతి, నగర్తపేటలో వాళ్ల తాత అంజినప్ప కార్ఖానాలోకి పునీత్ మొదటిసారి అడుగుపెట్టిన రోజు.

"విల్లు నేనే చేసుకుంటానండీ. కొమ్ములే కావాలి. పొడుగ్గా, క్రాక్స్ లేకుండా, ఒకే ఎనుముది జత."

"ఇన్ని షరతులా? సంబంధం చూసేదానికి వచ్చినట్ల ఉండాదే!"

పునీత్ చెవులు ఎర్రబడ్డాయి. అతను యలహంకలో ఫిజియోథెరపిస్టు. పగలంతా జనం మోకాళ్లు వంచే మనిషికి, తన చేత్తో పాతకాలపు కొమ్ము విల్లు చేయాలని పిచ్చి పట్టింది. వెదురు బద్దకు ఒకవైపు కొమ్ము పట్టీలు, రెండోవైపు ఎనుము కాలి నరాలు, అన్నిటినీ పట్టి ఉంచేది తోలు ఉడికించిన బంక. నరాల కోసం హొసకోటె మాంసం అంగళ్లన్నీ తిరిగి, వాసనతో సహా బస్సెక్కి, కండక్టరు చేత తిట్లు తిన్నాడు.

అంజినప్ప పట్టీలు కోసిచ్చాడు. నేత్రావతి వాటిని లోపలికి తీసుకెళ్లి నున్నగా చేసి, నువ్వుల నూనె రాసి, గుడ్డతో తుడిచి చేతికిచ్చింది. ఆ కార్ఖానా నుంచి నూనె రాయని కొమ్ము ఏదీ బయటికి పోదు. ఆ రోజు మాత్రం రెండుసార్లు రాసింది. ఎందుకో తనకే తెలియదు.

బంక బాగా ఆరాలంటే ఏడాది పడుతుందన్నాడు పునీత్. ఆ ఏడాదంతా ప్రతి శనివారం ఏదో సందేహం పట్టుకుని వచ్చేవాడు. వానలో తడిసి ముద్దయి వచ్చి, "ఇంకా ఆరలేదు," అనేవాడు.

"విల్లా, నువ్వా?" అనేది ఆమె తువ్వాలు అందిస్తూ.

అంతా బాగానే ఉంది, పోయిన శనివారం దాకా.

"కొమ్ముకు కాస్త జిడ్డు తగిలినా బంక పట్టదట. అందుకే చేతులు సోప్‌తో కడుక్కుని మరీ అంటించాను," అన్నాడతను మాటల్లో.

నేత్రావతికి తను రాసిన నూనె గుర్తొచ్చింది. వారమంతా అన్నం సయించలేదు. చెప్పాలా, వద్దా? చెప్పకుండా ఊరుకుంటే, విల్లు విరిగిన రోజు అతనికే తెలుస్తుంది. తెలిస్తే మళ్లీ ఈ గడప తొక్కుతాడా?

ఈ శనివారం అతను విల్లుతోనే వచ్చాడు. మొదటిసారి నారి ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. విల్లును మోకాలికి ఆనించి, "నేను వంచుతాను. నువ్వు తాడు తగిలించు," అన్నాడు.

"ఆగు!" అంది నేత్రావతి. "ఆ పట్టీలకు నేను నూనె రాసినా. రెండుసార్లు."

పునీత్ మొహం పాలిపోయింది. పట్టీల అంచులు వేలితో తడిమి చూశాడు.

"ఏమైతే అదయింది. వంచి చూద్దాం."

వంచాడు. సగం కూడా వంగలేదు, టప్‌మని పట్టీ ఒకటి బద్దనుంచి ఊడి నేలమీద పడింది. పునీత్ అక్కడే చతికిలపడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడాది, నేత్రా."

"నన్ను తిట్టప్పా! గమ్మున కూర్చోవద్దు."

"ఎలా తిట్టను? ఇది రెండు నెలల కిందే ఆరిపోయింది. ఆరలేదని అబద్ధం చెప్పాను."

"యాల?"

"విల్లు అయిపోతే, ఇక్కడికి రావడానికి నాకు రీజనేం ఉంటుంది?"

నేత్రావతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది.

లోపల రంపం పట్టుకున్న అంజినప్ప, తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంకో జత కోయల్లనా అప్పా?"

పునీత్ నోరు తెరిచేలోగా ఆమే అందుకుంది. "కొమ్ముల కోసమైతే ఇంకో ఏడాది తిరగొద్దు పునీత్. నా కోసమైతే, రేపు మీ అమ్మను పిల్చుకోని రా."

రంపం చప్పుడు ఆగిపోయింది. అంజినప్ప లేచి, ఒంటిమీద పొడి దులుపుకుంటూ మనవరాలి వైపు, ఆ పిల్లాడి వైపు మార్చి మార్చి చూశాడు.

"సాయంత్రం రమ్మను," అన్నాడు. "పొద్దున నేను క్షవరం చేయించుకోవల్ల."