భయరేఖ

గురుగ్రహపు ఉపగ్రహమైన యూరోపా మీద ఆ గ్రహం ఉదయించదు, అస్తమించదు. తుహిన పరిశోధన కేంద్రం కిటికీలోంచి చూస్తే ఎప్పుడూ ఆకాశంలో ఒకే చోట, భూమి మీది చంద్రుడికి ఇరవై రెట్లకు మించిన వెడల్పుతో వేలాడుతూ ఉంటుంది. పాతవాళ్లు దానికి వీపు పెట్టి, నాచుపిండి అట్లు తింటూ కబుర్లు చెప్పుకుంటారు. కొత్తవాళ్లు మాత్రం తుంచిన ముక్క చేతిలోనే ఉంచుకుని కిటికీకేసి చూస్తూ ఉండిపోతారు.

ఆ చూపు వకుళకు బాగా తెలుసు. ఆమె కేంద్రంలో మానసిక శాస్త్రవేత్త. నెత్తిన అంత గ్రహం, కాళ్ల కింద మైళ్ల మందాన మంచు, ఆ మంచు కింద ఏనాడూ వెలుగు చూడని సముద్రం. వాటి మధ్య నిలబడి తానెంత చిన్నదో ఒక్కసారిగా తెలిసొచ్చిన ప్రాణికి కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి, లేదంటే చేస్తున్నదేమిటో తెలియకుండా పోతుంది. వకుళ దానికి శూన్యజ్వరం అని పేరు పెట్టింది. ఒకసారి మంచు మీద పని మధ్యలో అది వచ్చిన మనిషి దారి తప్పకుండా పట్టుకోవాల్సిన పట్టుతాడు వదిలేసి, పైకి చూస్తూ నడుచుకుంటూ వెళ్లిపోయాడు. వెతికేవాళ్లు చేరేసరికి ప్రాణం లేదు.

ఆ తర్వాతే ఆట పుట్టింది. టీకా ఎక్కించినట్టు భయాన్ని కొద్దికొద్దిగా ఎక్కించాలని వకుళ ఆలోచన. దానికి యంత్రం తయారుచేసినవాడు ఇంజినీరు జోసెఫ్ సుందర్రావు. ఒక గుండ్రటి బల్ల, పదిముఖాల పాచికలు, ఆడేవాళ్ల ముంజేతులకు, కేంద్రంలో అందరూ రాత్రీపగలూ పెట్టుకునే సెన్సర్ల ఆరోగ్య కంకణాలు. బల్ల మధ్యలోంచి కథ చెప్పే యంత్రానికి సూత్రధారి అని పేరు. నాడి, చెమట, ఊపిరి కలిపి అది ఒక్కొక్కరికీ ఒక భయరేఖ గీస్తుంది. ఎవరు ఎంత తట్టుకోగలరో చూసుకుని, అంతకు వీసమెత్తు ఎక్కువ భయం కలిగేలా కథను నడుపుతుంది. రేఖ పైనున్న ఎర్ర గీతను మూడు ఆటల్లోనూ దాటినవాళ్లు తిరుగు నౌకలో భూమికి వెళ్లిపోవాల్సిందే.

ఈసారి వచ్చిన కొత్తవాళ్లు ఇద్దరు. ఓబులేసుది తాడిపత్రి దగ్గర. బోరుబావులు తవ్వే పనిలో తల నెరిసినవాడు, ఇక్కడ డ్రిల్లింగ్ చూసుకోవడానికి వచ్చాడు. రజియాది కాకినాడ. సముద్రం అడుగున కేబుళ్లు వేసిన డైవరు.

మొదటి రోజు బల్ల ముందు కూర్చోబెట్టి వకుళ వాళ్లకు ఆట వివరించింది.

"ఇందులో గెలవడం ఉండదు. కథలో మీకు ఎదురయ్యేది మనకంటే చాలా పెద్దది, చాలా పాతది. దానికి మన మీద కోపమూ లేదు, దయా లేదు. మనం ఉన్నట్టే దానికి తెలియదు. మీ చేతిలో ఉన్నదల్లా తర్వాత ఏం చేస్తారో చెప్పడం, పాచిక వేయడం. ఈ కాగితం మీద 'స్థిమితం' అని రాసుంది చూడండి. భయపడ్డప్పుడల్లా అది తగ్గుతుంది. సున్నా అయితే మీ పాత్రకు మతి పోయినట్టు."

ఓబులేసు పాచికను అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "గెలుపే లేకుంటే ఎందుకు ఆడల్ల మేడమ్?"

"బయట కూడా గెలుపు లేదు కదండీ," అంది వకుళ. "అయినా పని చేయాలి."

రజియా నవ్వింది. ఆమె రేఖ ఆ ఆటలో కదల్లేదు, రెండో ఆటలోనూ కదల్లేదు. మంచు కింద ఏదో మేలుకుందని సూత్రధారి చెబుతుంటే ఆమె తాపీగా పాచిక వేసి, "నేను తలుపు తీస్తానండి," అనేది. ఓబులేసు రేఖ మాత్రం రెండుసార్లూ ఎర్ర గీతను దాటేసింది.

రెండో ఆట అయ్యాక అతను వకుళ గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నన్ను పంపొద్దు మేడమ్. ముప్పై ఏండ్లు బోర్లేసినా. ఎంత లోతుకు పోయినా దుమ్మే. ఒక్కొక్క రైతు మొగం సూడలేక మిషన్ దిగకుండా కూసునేవాణ్ణి. ఈడ కింద అంతా నీళ్లే అంట కదా. నా చేత్తో వేసిన బోరులో నీళ్లు పడంగ ఒక్కసారి సూడల్ల."

వకుళ బల్ల మీది నియమాల కాగితం వైపు చూసింది. నియమం రాసింది తనే.

మూడో ఆటలో సూత్రధారి వాళ్లను ఒక జలాంతర్గామిలో ఎక్కించి మంచు కింది సముద్రంలోకి దింపింది. దాని గొంతు మెత్తగా, ఓపిగ్గా ఉంది.

"మీ దీపం వెలుగు ఒక గోడ మీద పడింది. గోడ నున్నగా, తడిగా ఉంది. పక్కకు ఎంత దూరం వెళ్లినా అంతు కనబడలేదు. అప్పుడు గోడ మెల్లగా పైకి లేచింది. అది గోడ కాదు. కంటిరెప్ప."

పక్కగదిలో తెరముందు కూర్చున్న వకుళ ఆట ఆపే బటన్ మీద వేలు పెట్టింది. ఓబులేసు రేఖ ఎర్ర గీతకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. అతని పెదవులు ఎండిపోయాయి.

సరిగ్గా అప్పుడు రజియా తన పాచికను తోసేసి చెవులు మూసుకుంది.

"నా వల్ల కాదన్నా! దీపం ఆర్పేయండి, అది మనల్నే చూస్తోంది!"

ఓబులేసు ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. బల్ల మీదుగా చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పాపా, దాన్ని సూడొద్దు. నన్ను సూడు. నేను మిషన్ తిప్పుతా, నువ్వు లోతు గేజీ సదివి సెప్పు. ఎంతుంది?"

"కనపడట్లేదన్నా..."

"కనపడుతుంది. నిమ్మళంగా సూడు. యాడికీ పోను, నీ పక్కనే ఉండా."

తెరమీద అతని రేఖ దిగడం మొదలుపెట్టింది. కళ్లతో చూస్తున్నా వకుళ నమ్మలేకపోయింది. కంటిరెప్ప పూర్తిగా తెరుచుకున్నా, లోపలి నలుపులోకి జలాంతర్గామి జారుతున్నా, అతను గేజీ గురించే మాట్లాడుతున్నాడు. ఆట ముగిసేసరికి రేఖ ఎర్ర గీతకు చాలా కింద ఉంది.

వకుళ పక్కనే కూర్చుని చూస్తున్న సుందర్రావు మాత్రం కుర్చీలోంచి లేచాడు. "ఇది మోసమండీ వకుళ గారూ. ఆ అమ్మాయి నటించింది. అరిచినప్పుడు ఆమె రేఖ చూడండి, గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఆయన్ను గట్టెక్కించడానికి వేసిన నాటకం."

వకుళ రజియాను భోజనశాలలో పట్టుకుంది. ఆమె దాచలేదు.

"నటించానండీ. ఆయన భూమికి వెళ్లిపోతే నాకు ఏడుపొస్తుందనిపించింది. ఎవరికైనా సాయం చేయమంటే ఆయన భయం మర్చిపోతారని తెలుసు. తప్పయితే నన్ను పంపేయండి."

"నీకు అసలు భయం వేయదా?"

"నీళ్లలో భయపడితే ఊపిరి అయిపోతుందండీ. అందుకని అణిచేయడం నేర్చుకున్నాను. అదే అలవాటైపోయింది."

అలా అంటూ ఆమె గ్లాసు ఎత్తబోయి దించేసింది. చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు వైపు ఆమె, అది వేరెవరిదో చెయ్యి అన్నట్టు చూసింది.

వకుళ పరుగులాంటి నడకతో ఆటగదికి వెళ్లింది. "సూత్రధారీ, రజియా రేఖ వచ్చిన రోజు నుంచీ మొత్తం చూపించు."

తెరమీద ఒక తిన్నని గీత పరుచుకుంది. నిద్రలో కదల్లేదు. నవ్వుతున్నప్పుడు కదల్లేదు. కిటికీ ముందు నిలబడ్డప్పుడూ కదల్లేదు.

"ఇలాంటి రేఖ ఇంతకు ముందు ఎవరిదైనా ఉందా?"

"ఒక్కరిది ఉంది," అంది సూత్రధారి. "ఆరోగ్య కంకణంలోని పాత కొలతల నుంచి గీశాను. పట్టుతాడు వదిలి నడిచి వెళ్లినవారిది."

వకుళ బల్ల అంచు పట్టుకుంది. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"ఎర్ర గీత దాటినవారి గురించే చెప్పమన్నారు. దాటనివారి గురించి మీరు ఎప్పుడూ అడగలేదు."

భయాన్ని కొలిచే యంత్రాన్ని తనూ సుందర్రావూ ఎంతో జాగ్రత్తగా కట్టారు. వణికేవాణ్ణి వెనక్కి పంపి, వణకడం మరిచిపోయిన ఆమెను మంచు మీదికి తోయబోయింది ఆ యంత్రం. ఒక్కొక్కరి భయాన్ని విడివిడిగా తూచారు తప్ప, మనిషి పక్కన మనిషి కూర్చుంటే అది ఏమవుతుందో చూడాలని ఇద్దరికీ తట్టనే లేదు.

"ఆట చివరి భాగం పెద్దది చేసి చూపించు," అంది వకుళ.

ఓబులేసు మణికట్టు పట్టుకున్న కాసేపటికి, నటన అయిపోయాక, రజియా రేఖ చిన్నగా వణికింది. తర్వాత లేచింది, పడింది, మళ్లీ లేచింది. వకుళ వెనకే ఆటగదికి వచ్చిన సుందర్రావు తెరకు దగ్గరగా వంగి చూశాడు.

"ఎర్ర గీత తీసేద్దామండీ," అన్నాడు చివరికి.

"తీసేద్దాం. బల్ల మాత్రం ఉంచుదాం."

తర్వాత రజియా రోజూ ఆ బల్ల ముందు కూర్చుంది. ఓబులేసు పక్కనే కూర్చున్నాడు. ఒకరోజు కంటిరెప్ప కథ మధ్యలో ఆమె నిజంగానే బావురుమంది. సూత్రధారి కథ ఆపి, ఆమె తేరుకునేదాకా ఎదురుచూసింది. ఆ యంత్రానికి అలా ఆగడం వకుళ కొత్తగా నేర్పింది.

తిరుగు నౌక వాళ్లిద్దరూ లేకుండానే వెళ్లిపోయింది. కొన్నాళ్లకు ఇద్దరూ ఒకే తాడు కట్టుకుని మంచు మీదికి దిగారు. ఓబులేసు ముందు, రజియా వెనక. గురుగ్రహం వాళ్ల మీదికి వంగినట్టు ఉంది. కేంద్రంలో తెరమీద రెండు రేఖలూ ఎగిసెగిసి పడుతున్నాయి. సుందర్రావు చెయ్యి అలవాటుగా అలారం వైపు వెళ్లి, మధ్యలోనే ఆగిపోయింది.

రేడియోలో రజియా గొంతు వినిపించింది. "అన్నా, భయమేస్తోంది."

వకుళ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"నాకూ ఏస్తాంది పాపా," అన్నాడు ఓబులేసు. "తాడు బిగిచ్చి పట్టుకో. పోదాం పద."