ఎర్ర బటన్‌కి టెస్టింగ్ లేదు

హోటల్ గదిలో టీవీ ఆన్ చేద్దామని రిమోట్ నొక్కడమే అన్న చేసిన ఆఖరి పని. టీవీ వెనుక బాంబు ఆ సిగ్నల్ కోసమే కాచుకుని ఉంది. అదే సర్వీసులో ఏజెంటుగా ఉన్న తమ్ముడిని అందరూ గబ్బిలం అంటారు. ఆ రోజు నుంచి అతనికి తిండి సయించలేదు, కంటికి కునుకు లేదు. బాంబు పెట్టినవాడి పీక చేతికి దొరికితే చాలనుకున్నాడు.

"దొరికాడు," అన్నాడు చీఫ్, ఫోటో బల్ల మీదకు తోస్తూ.

విదేశీ ముఠా నాయకుడు, కల్నల్. కొండ మీది బంగళాలో హోమ్ థియేటర్ కట్టించుకున్నాడు. అక్కడి టీవీ కింద ఒక నల్ల డబ్బా ఉంది. ప్రత్యేకమైన రిమోట్‌లో ఎర్ర బటన్ నొక్కితే, డబ్బా ఆ సిగ్నల్ అందుకుని రైలు వంతెన కింద దాచిన బాంబును పేలుస్తుంది. ఈ సాయంత్రం రైలు వంతెన ఎక్కగానే కొనుగోలుదార్ల ముందు డెమో. రైలు ఆపితే కల్నల్ జాగ్రత్తపడి ఇంకో చోటు చూసుకుంటాడు. అయితే టీపాయ్ నిండా రిమోట్లతో తికమకపడలేక, అన్నిటినీ ఒకే యూనివర్సల్ రిమోట్‌లోకి ఎక్కించడానికి టెక్నీషియన్ని పిలిచాడు.

"ఆ టెక్నీషియన్‌వి నువ్వే. లోపల మన మనిషి ఉన్నారు. ఎన్ని బ్యాటరీలు పడతాయని అడుగుతారు. రెండు, రెండూ పాతవే అను. కల్నల్ మాత్రం ప్రాణాలతో కావాలి."

గబ్బిలం తల ఊపాడు. ఊపాడే గానీ, టూల్‌కిట్ అడుగున పిస్టల్ పెట్టుకున్నాడు.

పెట్టుడు మీసంతో, యూనిఫారంతో బంగళాలో అడుగుపెట్టాడు. కల్నల్ సోఫాలోంచి లేవకుండానే రిమోట్లన్నీ అతని ముందుకు నెట్టాడు. ఎర్ర బటన్ సంగతి డబ్బాకి సిగ్నల్ అందని పక్క గదిలో చూడమని, పొరపాటు జరిగితే శవం కూడా దొరకదని చెప్పాడు. కాపలాకి ఒకావిడను పంపాడు. మెరిసే గౌను, చేతిలో చిన్న హ్యాండ్‌బ్యాగ్.

ఆమెను చూడగానే గబ్బిలం ఒళ్లు మండిపోయింది. వదిన. అన్న పోయిన వెంటనే ఆమె శత్రువు పంచన చేరిందని డిపార్ట్‌మెంట్ అంతా కోడై కూసింది.

ఆమె తలుపు మూసింది. "ఎన్ని బ్యాటరీలు పడతాయి?"

అతను టూల్‌కిట్ దించి ఆమె వైపు తిరిగాడు. "రెండు. రెండూ పాతవే."

"మీసం వంకరగా ఉంది, సరిచేసుకో," అంది వదిన.

అతను పిస్టల్ తీసి కల్నల్ ఉన్న గది వైపు కదిలాడు. ఆమె దాన్ని మెల్లగా కిందికి దించింది.

"చంపితే క్షణంలో అయిపోతుంది, మరిదీ. మీ అన్నని చంపినవాడి ముఖం చూసి రోజూ నవ్వాను. నాకు ఆ కాస్త చాలదు. వాడు బతికుండి ఏడవాలి."

ఆమె బ్యాగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసింది.

గబ్బిలం పనిలో పడ్డాడు. పాత రిమోట్‌నీ కొత్తదాన్నీ ఎదురెదురుగా పెట్టి ఒక్కో బటన్ నొక్కుతుంటే కొత్తది సిగ్నల్ నేర్చుకుని లైటు వెలిగిస్తోంది. ఎర్ర బటన్ వంతు వచ్చేసరికి బాంబు రిమోట్‌లోంచి బ్యాటరీలు పీకి వదిన చేతికిచ్చాడు. కొత్త దాని ఎర్ర బటన్‌కి వేరే పాఠాలు వరసగా నేర్పాడు.

కల్నల్ అనుమానపు పీనుగ. ప్రతి బటన్ నొక్కి చూసుకున్నాడు. స్క్రీన్ వెలిగింది, సౌండ్ పెరిగింది, తగ్గింది, తలుపులకీ కిటికీలకీ ఉన్న స్టీలు షట్టర్లు దిగి మళ్లీ లేచాయి. వేలు ఎర్ర బటన్ దగ్గర ఆగిపోయింది. దాన్ని ముందుగా నొక్కి చూడడం వాడి తరం కాదు.

సాయంత్రం అతిథులు సోఫాల్లో సర్దుకున్నారు. టెక్నీషియన్ వైర్లు సర్దే నెపంతో పెన్‌డ్రైవ్ టీవీ వెనుక గుచ్చి, పాత రిమోట్లన్నీ సంచిలో వేసుకుని బయటికి నడిచాడు. వెనకే వదిన. దూరంగా రైలు కూత వినబడింది. కల్నల్ చిరునవ్వుతో ఎర్ర బటన్ నొక్కాడు.

స్టీలు షట్టర్లు దభాలున దిగాయి. లైట్లు ఆరాయి. గోడంత స్క్రీన్ మీద అన్న ప్రత్యక్షమయ్యాడు, ఏదో పాత పుట్టినరోజు వీడియోలో, పగలబడి నవ్వుతూ. సౌండ్ ఫుల్లు. లోపల కల్నల్ అరుపులు ఆ నవ్వులో కొట్టుకుపోయాయి.

రైలు వంతెన దాటింది. పోలీసు జీపులు కొండ ఎక్కుతున్నాయి. వదిన షట్టరుకి వీపు ఆనించి ఆ నవ్వు వింటూ, ఇన్నాళ్లకి ఏడ్చింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, సౌండ్ ఆపడం వాడికి చేతకాదా అని అడిగింది.

"ఎర్ర బటన్ పాఠాల చివర్లో చైల్డ్ లాక్ పెట్టాను వదినా," అన్నాడు గబ్బిలం, మీసం పీకేస్తూ. "రిమోట్ ఎవరి చేతిలో పడుతుందో చూసుకోవాలి కదా."