ఆగని గవ్వలు

"అమ్మమ్మా, త్వరగా! మన వంతు వచ్చేసింది!"

పిడుగు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు అది. కాలు ఒకచోట నిలవదు మరి! అమ్మమ్మకేమో మోకాళ్ల నొప్పి. అయినా పార్కులోని ఈ సముద్రం రైడ్ ఎక్కాలని పొద్దుటి నుంచీ ఆవిడకే ఎక్కువ ఉబలాటం.

గవ్వల్లాంటి బండ్లు వరసగా వచ్చి చీకటి గుహలోకి వెళ్తున్నాయి. ఒక్కటీ ఆగడం లేదు.

"ఆగకపోతే ఎలా ఎక్కేదే తల్లీ?" అంది అమ్మమ్మ భయంగా.

"ముందు ఈ బెల్టు మీదికి రండి అమ్మమ్మగారూ," అంది రైడ్ నడిపే అక్క. "బెల్టూ గవ్వలూ ఒకే వేగంతో కదులుతాయి. మీ పక్కనున్న గవ్వ మీ పక్కనే ఉంటుంది. నెమ్మదిగా ఎక్కేయొచ్చు."

ఇద్దరూ బెల్టు మీద అడుగుపెట్టారు. నిజమే! పక్కనున్న తెల్ల గవ్వ ఆగినట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే ముందున్న ఎర్ర గవ్వ పిడుగు కంట పడింది. అన్నిట్లోకీ ఎర్రది అదొక్కటే!

అంతే, అమ్మమ్మ చెయ్యి వదిలేసి పరుగెత్తింది. ఎర్ర గవ్వలోకి దూకి కూర్చుంది.

అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. పట్టుకోవడానికి ఏమీ లేక అమ్మమ్మ తూలిపోతోంది. బెల్టు చివర దగ్గరపడుతోంది.

అక్క చటుక్కున బటన్ నొక్కింది. బెల్టు ఆగింది. గవ్వలన్నీ ఆగిపోయాయి. అన్నిటినీ లాగే గొలుసు ఒక్కటే కదా! లోపలి చీకట్లోంచి "ఏమైంది? ఏమైంది?" అని కేకలు వినిపించాయి.

అమ్మమ్మ మొహం పాలిపోయింది. "నేను బయట కూర్చుంటాలేవే. నువ్వు వెళ్లిరా."

పిడుగుకు ఏడుపొచ్చినంత పనయింది. అమ్మమ్మ అంత ఆశపడ్డ రైడ్‌ను తనే పాడుచేసింది. గబగబా దిగి వచ్చేసింది.

"నువ్వు లేకుండా నేనెక్కను. ఇంక చెయ్యి వదలను, ఒట్టు!"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు," అంటూనే అమ్మమ్మ నవ్వేసింది.

అక్క వాళ్లను మళ్లీ బెల్టు మొదట్లో నిలబెట్టింది. గవ్వలు కదిలాయి. ఒక తెల్ల గవ్వ పక్కకు వచ్చింది. పిడుగు కాళ్లు ఎగరబోయాయి. అయినా ఆపుకుంది.

"ముందు నువ్వు ఎక్కు అమ్మమ్మా. తొందరేం లేదు."

లోపల రంగురంగుల చేపలు మెరుస్తుంటే అందరికంటే గట్టిగా కేరింతలు కొట్టింది అమ్మమ్మే!

బయటికి రాగానే, "ఇంకోసారి ఎక్కుదామటే?" అంది.

పిడుగు ఎగిరి గంతేసింది. క్యూ వైపు నాలుగు అంగలు వేసి, టక్కున ఆగింది. వెనక్కి వచ్చి, చెయ్యి అందించి, అమ్మమ్మ అడుగులో అడుగు వేస్తూ నడిచింది.